ఫిస్టులాకు బెలూన్ చేయించుకున్నాక మొదటి రెండు రోజులు

సన్నబడ్డ డయాలసిస్ ఫిస్టులాను (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరకు కలిపి చేసిన దారిని) బెలూన్‌తో వెడల్పు చేసేటప్పుడు సిర చిట్లితే అది అక్కడికక్కడే ఎక్స్‌రేలో కనబడుతుంది. డాక్టర్లు లోపలి వైరు తీయకుండా, అదే బెలూన్‌ను తక్కువ ప్రెషర్‌లో 3 నుంచి 5 నిమిషాలు ఉబ్బించి ఉంచుతారు. అప్పటికీ ఆగకపోతే కవర్డ్ స్టెంట్ (పొర తొడిగిన సన్నటి లోహపు గొట్టం) వేస్తారు. మిగతా చిక్కులు ఇంటికొచ్చాక బయటపడొచ్చు. కాకినాడలోనో రాజమండ్రిలోనో చేయించుకుని కోనసీమకు బస్సెక్కేవాళ్లు తెలుసుకోవాల్సింది వాటి గురించే. లంకల్లో ఉండేవాళ్లయితే, వరద రోజుల్లో ఆ రాత్రికి ఏటికి ఇవతలే చుట్టాలింట్లో ఆగిపోండి. అర్ధరాత్రి రక్తం మొదలైతే పడవ దొరకదు.

బయల్దేరేముందు మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి: బెలూన్ ఎక్కడ చేశారు, స్టెంట్ వేశారా, కుట్టు ఉంటే ఎప్పుడు తీయించాలి. ఫిస్టులా మీద వేళ్లు ఆనించి, జివ్వుమనే ఆ థ్రిల్ (రక్తం పారేటప్పుడు వేళ్లకు తగిలే అదురు) ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి.

సూది పోటు దగ్గర రక్తం ఊరితే రెండు వేళ్లతో నొక్కి 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఎత్తి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. చర్మం మీది రంధ్రం, సిర మీది రంధ్రం ఒకేచోట ఉండవు, అందుకే ఒక్క వేలు చాలదు. రక్తం ఆగాలి, థ్రిల్ మాత్రం వేళ్లకు తెలుస్తూనే ఉండాలి. గుడ్డ బిగించి కట్టారంటే ఫిస్టులా గడ్డకట్టుకుపోతుంది. ధారగా చిమ్మితే మాత్రం థ్రిల్ సంగతి పక్కన పెట్టి గట్టిగా నొక్కండి, చెయ్యి పైకెత్తండి, 108కి ఫోన్ చేయించండి. వేళ్లతో ఆగకపోతే నీళ్ల సీసా మూతను రంధ్రం మీద బోర్లించి అదమండి.

చెయ్యి వాచి నీలంగా కమిలితే పెన్నుతో అంచు గీసుకోండి. వాపు గీత దాటి పెరుగుతుంటే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. వాచిన చోట డయాలసిస్ సూది గుచ్చనివ్వకండి. తర్వాతి డయాలసిస్‌లో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఎంత ఇవ్వాలో డాక్టరునే అడగమని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి.

వేళ్లు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, నొప్పి పెడితే గడ్డ ముక్క ధమనిలోకి జారిందేమో! తెల్లారేదాకా ఆగే పని కాదు. ఫిస్టులాలోని గడ్డ తీయించుకున్నాక ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా అంతే. చలిజ్వరం వస్తే ఇన్ఫెక్షన్ కావచ్చు, ఊళ్లో ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.

పొద్దున, రాత్రి థ్రిల్ చూసుకోండి. జివ్వుమనాల్సింది టక్‌టక్‌మని కొట్టుకుంటుంటే పైన ఎక్కడో దారి మూసుకుంటోందని అర్థం. అసలే తెలియకపోతే గడ్డకట్టినట్టే. మర్దనా వద్దు, కాపడం వద్దు, అదే రోజు బయల్దేరండి. ఎంత ఆలస్యమైతే తెరవడం అంత కష్టం. ఈలోగా డయాలసిస్ తప్పితే పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంది. నీరసంగా ఉన్నాడని పెరట్లోంచి బొండాం కొట్టి ఇవ్వడం మన దగ్గర మామూలే. ఆ నీళ్లలోనూ అరటిపండులోనూ పొటాషియం బాగా ఉంటుంది, రెండూ ఇవ్వకండి.