కెర్నల్ మార్చాక మాడ్యూల్ లోడ్ అవ్వట్లేదా? సమస్య - పరిష్కారం

సమస్య: కొత్త లినక్స్ కెర్నల్ వేశారు, మీ సొంత డ్రైవర్‌ని (అదే మాడ్యూల్, కెర్నల్‌కి విడిగా తగిలించే కోడ్) ఇన్స్‌మాడ్ (మాడ్యూల్ లోడ్ చేసే కమాండ్) కొడితే "అన్‌నోన్ సింబల్" అంటోంది, అంటే అది పిలిచే ఫంక్షన్ పేరు కెర్నల్‌లో దొరకలేదని, లేదంటే బిల్డ్ చివర్లో మాడ్‌పోస్ట్ (సింబల్స్ సరిచూసే దశ) దగ్గర ఆగిపోతోంది.

ముందు డీమెసేజ్ (కెర్నల్ మెసేజ్‌ల లాగ్) చూడండి బాబూ. ఏ సింబల్ దొరకలేదో పేరుతో సహా అక్కడే ఉంటుంది, అది వదిలేసి డ్రైవర్ కోడంతా తిరగేస్తారు. తర్వాత నడుస్తున్న కెర్నల్, బిల్డ్‌కి వాడిన హెడర్లు ఒకటేనా కాదా చూస్కోండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

కంపైల్ అప్పుడే ఆ ఫంక్షన్ తెలీదంటే చాలావరకు దాన్ని నిజంగానే పీకేశారు. ఇనిట్ టైమర్ కెర్నల్ 4.15లో పోయింది, టైమర్ సెటప్‌కి మారాలి. ఐఓరీమ్యాప్ నోక్యాష్ 5.6లో పోయింది, మామూలు ఐఓరీమ్యాప్ చాలు.

అసలు తలనొప్పి ఇది: కంపైల్ బానే అవుతుంది, సోర్స్‌లో గ్రెప్ కొడితే ఎక్స్‌పోర్ట్ సింబల్ లైన్ (ఆ ఫంక్షన్‌ని మాడ్యూల్స్ వాడుకోనిచ్చే లైన్) కళ్ళెదురుగా ఉంటుంది, అయినా సింబల్ లేదంటుంది. అప్పుడు కెర్నల్ కాన్ఫిగ్‌లో (బిల్డ్ సెట్టింగ్స్‌లో) ట్రిమ్ అన్‌యూజ్డ్ కేసిమ్స్ ఆన్‌లో ఉందేమో చూడండి. 4.7 నుంచి ఉన్న ఆప్షన్ ఇది, సైజు తగ్గుతుందని ఎంబెడెడ్ వాళ్ళు ఆన్ చేసేస్తారు. ఆ కాన్ఫిగ్‌తో కట్టిన మాడ్యూల్స్ వాడే ఎక్స్‌పోర్ట్‌లే ఉంచి మిగతావన్నీ తీసేస్తుంది, బయట కట్టే మీ డ్రైవర్ సంగతి దానికెలా తెలుస్తుంది? ఇంకా దారుణం ఏంటంటే నిన్నటిదాకా పనిచేస్తుంది, ఎందుకంటే ఇంకేదో డ్రైవర్ మాడ్యూల్‌గా ఉండి అదే సింబల్ వాడుతుండేది, ఎవరో అక్కర్లేదని దాన్ని ఆఫ్ చేశారు లేదా కెర్నల్‌లోకే బిల్ట్ఇన్ చేశారు, దాంతో మీ సింబల్‌కి ఎక్స్‌పోర్ట్ పోయింది, మీ కోడ్‌లో అక్షరం మారలేదు. కాల్‌సిమ్స్‌లో (నడుస్తున్న కెర్నల్‌లోని సింబల్స్ జాబితా) ఫంక్షన్ కనిపిస్తూ మాడ్యూల్ సిమ్‌వర్స్ ఫైల్లో (ఎక్స్‌పోర్ట్ అయిన సింబల్స్ జాబితా) లేకపోతే, సోర్స్‌లో ఎక్స్‌పోర్ట్ లైన్ కూడా ఉంటే, ఇదే కారణం అనుకోండి. సోర్స్‌లోనే ఆ లైన్ లేదంటే మాత్రం కావాలనే ఆపారని, 5.7లో కాల్‌సిమ్స్ లుకప్ నేమ్ అనే ఫంక్షన్‌కి చేసినట్టు, దానికి డ్రైవరే మార్చుకోవాలి.

పరిష్కారం: ఆ ఆప్షన్ ఆఫ్ చేయండి. సైజు తప్పదంటే 5.7 నుంచి వైట్‌లిస్ట్ (తీసేయకూడని సింబల్స్ జాబితా) ఉంది, లైన్‌కొక సింబల్ పేరు రాసి ఆ ఫైల్ పాత్ కాన్ఫిగ్‌లో ఇవ్వండి. రెండిట్లో ఏది చేసినా కెర్నల్ మొత్తం మళ్ళీ కట్టి, దాంతో బూట్ అయ్యి, ఆ తర్వాతే మాడ్యూల్ కట్టాలి, ఒక్క మాడ్యూల్ ఎన్నిసార్లు మేక్ కొట్టినా ఏం మారదు. ఆండ్రాయిడ్ జీకేఐ (గూగుల్ ఇచ్చే ఉమ్మడి కెర్నల్) వాళ్ళకైతే సింబల్ లిస్టులో చేర్పించుకోవడమే దారి.

ఎర్రర్ మైనస్ 22తో వెర్షన్ కుదరలేదంటే క్లీన్ చేసి మళ్ళీ కట్టండి. జీపీఎల్ ఓన్లీ సింబల్ (జీపీఎల్‌కి సరిపడే లైసెన్స్ ఉన్న మాడ్యూల్స్‌కే ఇచ్చేది) అని ఎర్రర్ వస్తే మాడ్యూల్ లైసెన్స్ లైన్ చూస్కోండి.