పాత బ్రిటిష్ సిట్‌కామ్‌లు ఇంటిల్లిపాదికీ చూపించాలంటే

మనవల దగ్గర రెండు నెలలు ఉందామని గుంటూరు నుంచో కడప నుంచో బెంగళూరు వచ్చిన పెద్దవాళ్లకు ఫ్లాట్‌లో మధ్యాహ్నాలు ఓ పట్టాన గడవవు. పిల్లలకు ఇంగ్లిష్ వచ్చుగానీ అరగంట ఒకచోట కూర్చునే ఓపిక ఉండదు. ఈ ఇద్దర్నీ ఒకే సోఫాలో కూర్చోబెట్టి నవ్వించే సరుకు 1970, 80, 90ల బ్రిటిష్ సిట్‌కామ్‌లలో, అంటే అరగంట హాస్య సీరియళ్లలో ఉంది. అయితే "చాలా ఫేమసట, రండి చూద్దాం" అని చేతికందింది పెట్టేస్తే మాత్రం పదో నిమిషానికి అమ్మ వంటింట్లో ఉంటుంది, పిల్లలు ఫోన్లలో ఉంటారు. ఏది ముందు, ఏది తర్వాత, ఎంత చెప్పాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది ముందే చూసుకోవాలి.

ఈ కథలు దాదాపు అన్నిటికీ ఇరుసు హోదా. ఉన్నదానికంటే ఒక మెట్టు పైన కనబడాలని తాపత్రయపడే మనిషి ఒకరుంటారు. ఆ మనిషిని వదిలిపోలేని భార్యో, మేనల్లుడో, గుమాస్తానో పక్కనే ఉంటారు. వాళ్లు అక్కణ్ణుంచి కదల్లేరు గనకే వారం వారం అదే ఇరకాటం, అదే నవ్వు. వియ్యాలవారి ముందు గొప్పలకు పోయి అవస్థ పడ్డవాళ్లను చూసినవారికి ఇందులో తెలియనిదేమీ లేదు. కాబట్టి పేరు చూసి ఎంచుకోకండి. మన ఇంట్లో, మన వీధిలో ఉన్న మనిషిని పోలిన మనిషి ఎందులో ఉన్నాడో చూసి ఎంచుకోండి.

మొదటి నాలుగు వారాలు

మొదలుపెట్టాల్సింది "కీపింగ్ అప్ అపియరెన్సెస్"తో. రాయ్ క్లార్క్ రాశాడు, ప్యాట్రీషియా రౌట్లెడ్జ్ నటించింది, బీబీసీలో 1990 నుంచి 1995 దాకా వచ్చింది. కథానాయిక హయసింత్ ఇంటిపేరు బకెట్. ఆవిడ మాత్రం దాన్ని "బొకే" అని పలకాలంటుంది, ఎదుటివాళ్లు బకెట్ అంటే సరిదిద్దుతుంది. ఈ రెండు మాటలూ తెలుగువాళ్ల నోట రోజూ నలిగేవే గనక అనువాదం అక్కర్లేకుండానే అమ్మమ్మకు కూడా అందుతుంది. ఎవరినైనా కొవ్వొత్తుల వెలుగులో విందుకు పిలవందే ఆవిడకు తోచదు. ఆవిడింట్లో కాఫీ తాగాలంటేనే పక్కింటి ఎలిజబెత్ చేతులు వణికి కప్పు జారిపోతుంది. చెల్లెలి మొగుడు ఆన్స్‌లో బనియన్‌తో టీవీ ముందు కూర్చుని కనబడతాడు, అతని సంగతి నలుగురికీ తెలిసిపోతుందేమోనని ఆవిడ గుండె దడ. ఒక్క సంగతి ముందే చెప్పండి: ఇంగ్లండులో ఎలాంటి ఇంట్లో ఉంటున్నారు, ఎలా పలుకుతున్నారు అన్నదాన్నిబట్టి మనిషి తరగతి కడతారు, ఆవిడ భయమంతా అదే. అంతకుమించి పరిచయం వద్దు.

రెండో వారం "ఓపెన్ ఆల్ అవర్స్". రాసింది అదే రాయ్ క్లార్క్, తీసింది డాంకాస్టర్ వీధుల్లో. ఆర్క్‌రైట్ అచ్చం మన కిరాణా కొట్టు ఆసామి. వేళ్లు నలగ్గొట్టే గల్లాపెట్టె, వెట్టిచాకిరీ చేసే మేనల్లుడు గ్రాన్విల్, ఎదురింటి నర్సు గ్లాడిస్ మీద మనసు. రోజు ముగిశాక సామాను లోపలికి సర్దుకుంటూ తనలో తాను మాట్లాడుకునే ఘట్టాన్ని మధ్యలో కట్టేయకండి, ఆ సీరియల్ ప్రాణమంతా అక్కడే ఉంది. ఆర్క్‌రైట్‌కు నత్తి ఉంది, హాస్యంలో కొంత దాని మీదే నడుస్తుంది. ఇంట్లో నత్తి ఉన్న పిల్లలుంటే దీన్ని దాటేసి "ద గుడ్ లైఫ్" పెట్టండి. నలభయ్యో పుట్టినరోజున ఉద్యోగం మానేసి, ఇంటి పెరట్లోనే కూరగాయలు, కోళ్లు, పందులు పెంచుకుని బతుకుదామనుకునే జంట కథ అది. 1975లో మొదలైంది. బాల్కనీలోనూ మిద్దె మీదా టమాటాలు వేసుకునే బెంగళూరు వాళ్లకు చప్పున ఎక్కుతుంది. పక్కింటి మార్గో ఆ బురదను చూసి పడే బాధే దానికి అసలు రుచి.

మూడో వారానికి "యెస్ మినిస్టర్". ఆంటొనీ జే, జొనాథన్ లిన్ రాశారు, 1980లో మొదలైంది. సర్వీసు చేసి రిటైరైన నాన్నకో మామయ్యకో దీన్ని మించిన కానుక లేదు. మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టొద్దు, అందులో పరిచయాలు ఎక్కువ. రెండో సీజన్ మొదట్లో వచ్చే "ద కంపాషనేట్ సొసైటీ" పెట్టండి. కొత్త ఆస్పత్రి, వందలకొద్దీ సిబ్బంది, ఒక్క రోగీ లేడు. అయినా అది చక్కగా నడుస్తోందని అధికారులు వాదిస్తారు. పర్మనెంట్ సెక్రటరీ అంటే ఎవరని అడిగితే "ప్రభుత్వం మారినా మారని ప్రిన్సిపల్ సెక్రటరీ" అనండి, చాలు. ఆ పర్మనెంట్ సెక్రటరీ సర్ హంఫ్రీ ఊపిరాడకుండా చెప్పే పొడుగాటి వాక్యాలను ఎవరూ తెలుగు చేయక్కర్లేదు. అర్థం కాకపోవడమే వాటి పని, మంత్రి మొహం చూస్తే సరిపోతుంది. 2001లో హిందీలో ఫారూక్ షేక్‌తో వచ్చిన "జీ మంత్రీజీ" దీని రూపమే. హిందీ సౌకర్యంగా ఉన్నవాళ్లకు దాన్ని గుర్తు చేస్తే దారి తేలికవుతుంది.

నాలుగో వారం "ఫాల్టీ టవర్స్". 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లే. జాన్ క్లీజ్, కొనీ బూత్ కలిసి రాశారు. చిన్న హోటల్ నడిపే బేసిల్, అతని భార్య, వెయిటర్ మాన్యుయెల్ చుట్టూ తిరుగుతుంది. ఒక్కో ఎపిసోడ్ గడియారంలా బిగించినది. మొదటి పదిహేను నిమిషాల్లో చిన్న చిన్న అబద్ధాలు అక్కడక్కడా పెట్టి, తర్వాత అన్నిటినీ ఒకదానికొకటి గుద్దిస్తారు. అందుకే ముందు సగంలో ఎవరూ లేవకూడదు. "కమ్యూనికేషన్ ప్రాబ్లమ్స్"నే తీసుకోండి. గుర్రప్పందెంలో గెలిచిన 75 పౌండ్లు భార్యకు తెలియకూడదని, నీకేమీ తెలియదని చెప్పాలంటూ బేసిల్ మాన్యుయెల్‌కు నూరిపోస్తాడు. ఆ ముక్క విననివాళ్లు, చివర్లో మాన్యుయెల్ సాక్ష్యం చెప్పాల్సిన చోట ఎందుకు నవ్వుతున్నారో తెలియక అయోమయంగా చూస్తారు. బ్యాటరీ అయిపోతుందని వినికిడి యంత్రం కట్టేసుకునే మిసెస్ రిచర్డ్స్ ఉన్నది కూడా ఇందులోనే. పెద్దలున్న ఇంట్లో దీంతోనే మొదలుపెట్టడం మంచిది.

తర్వాత ఎప్పుడైనా "డాడ్స్ ఆర్మీ"కి వెళ్లొచ్చు. 1968 నుంచి 1977 వరకు 80 ఎపిసోడ్లు. రాసేటప్పుడు మెయిన్‌వేరింగ్, పలికేటప్పుడు మానరింగ్ అనే బ్యాంకు మేనేజరు రెండో ప్రపంచయుద్ధంలో ఊరి కాపలా దళానికి కెప్టెన్ అవుతాడు. బ్యాంకులో అతని కింద పనిచేసే విల్సన్ ఇక్కడా అతని కిందే సార్జెంటు, పుట్టుకలో మాత్రం పై తరగతివాడు. ఈ ఒక్క ముల్లు చెప్పకపోతే ఇద్దరి చూపుల్లో ఉన్న సగం హాస్యం పోతుంది. షిల్లింగుల లెక్క అడిగితే 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, 1971 ఫిబ్రవరి దాకా అదే పద్ధతి అని చెప్పండి. అణాల లెక్క ఎరిగిన తాతయ్య మిగతాది తనే పిల్లలకు చెప్తాడు.

బొమ్మ, మాట సరిగ్గా రావాలంటే

ఏ ఓటీటీలో ఏది ఉంటుందో మారుతూ ఉంటుంది. డబ్బు కట్టేముందు యాప్‌లో వెతికి, అన్ని సీజన్లూ ఉన్నాయో లేదో చూడండి. యూట్యూబ్‌లో బీబీసీ సొంత ఛానల్‌లో వచ్చే ముక్కలు రుచి చూపించడానికి పనికొస్తాయి, వాటితోనే సరిపెట్టుకుంటే పైన చెప్పిన బిగింపు పోతుంది.

డీవీడీ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకెను రీజియన్ అంటారు. బ్రిటన్ డిస్క్‌ది రీజియన్ 2, మనది రీజియన్ 5. ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడేది కాకపోతే డిస్క్ తీసుకోదు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో పాత ప్లేయర్ కొనేటప్పుడు మీ డిస్క్ వెంట తీసుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో రీజియన్ అయిదుసార్లే మార్చుకోవచ్చు, ఆ తర్వాత ఆఖరిదే ఖాయమైపోతుంది. అమెరికా డిస్కులు వద్దు. బ్రిటన్, మనం ఇద్దరం వాడింది సెకనుకు 25 ఫ్రేముల పాల్ పద్ధతి. అమెరికా డిస్క్ కోసం దాన్ని ఇంకో పద్ధతిలోకి మార్చినప్పుడు బొమ్మ అలుక్కుపోతుంది.

ఇవన్నీ 4:3 కొలతలో తీసినవి. టీవీ మాత్రం తెర నిండా లాగి చూపిస్తుంది, దాంతో మనుషులు లావుగా పొట్టిగా కనబడతారు. జూమ్ పెడితే తలలు తెగిపోతాయి. పిక్చర్ సైజ్‌లోకి వెళ్లి 4:3 పెట్టండి, పక్కన నల్లటి పట్టీలు రావడమే సరైనది. గోడ గడియారమో ప్లేటో ఉన్న చోట ఆపి చూడండి, గుండ్రంగా ఉంటే కొలత కుదిరినట్టే. 4:3 అన్న ఎంపికే టీవీ ఇవ్వకపోతే డీవీడీ ప్లేయర్ అవుట్‌పుట్‌ను 1080 నుంచి 576కు దించండి, చాలా టీవీల్లో అప్పుడు వస్తుంది. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో చూస్తుంటే, మనిషి కదిలినప్పుడు దువ్వెన పళ్లలాంటి గీతలు కనబడొచ్చు. డి నొక్కితే పోతాయి. ఎ నొక్కితే కొలత మారుతుంది, జి, హెచ్‌లతో సబ్‌టైటిల్స్‌ను ముందుకూ వెనక్కూ జరపొచ్చు.

గదిలోంచి వీధిలోకి రాగానే బొమ్మ తీరు మారిపోతే టీవీని తప్పు పట్టకండి. అప్పట్లో ఎక్కువగా స్టూడియోలో వీడియో మీద, బయట 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసేవారు.

శబ్దం మోనో. సరౌండ్ పెడితే మాట గది నిండా చెదిరిపోతుంది. దాన్ని తీసేసి, స్పష్టమైన మాట కోసం ఉన్న మోడ్ పెట్టండి, బాస్ తగ్గించండి. ప్రేక్షకుల నవ్వు పక్కనున్న డైలాగును మింగేస్తుంది గనక ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ అందరికీ ఉండాల్సిందే. యంత్రం రాసిన సబ్‌టైటిల్స్ మాత్రం యాసల దగ్గర బోల్తాపడతాయి. తినడానికి జంతికలు, చేగోడీలు ఆ అరగంట పక్కన పెట్టండి, కరకరలో మాట వినబడదు. పులిహోరో సున్నుండలో నయం.

ఎప్పుడు, ఎంత

సాయంత్రం తెలుగు సీరియళ్ల వేళ జోలికి వెళ్లకండి. శనివారం నాలుగు గంటల టీ మంచి సమయం. బీబీసీవి ప్రకటనలు లేకుండా అరగంట ఉంటాయి, ప్రకటనలు వేసే ఛానల్ ఐటీవీవి ఇరవై అయిదు నిమిషాలకు అటూ ఇటూ. కూర్చున్నప్పుడు ఒకటి, మహా అయితే రెండు. వారానికొకసారి చూడ్డానికి రాసినవి గనక వరసగా నాలుగు చూస్తే హయసింత్ ఫోనెత్తి చెప్పే అదే మాట విసుగెత్తిస్తుంది. వారం ఆగితే ఆ మాట కోసమే ఎదురుచూస్తారు. పాత్రల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నది మొదలుపెట్టకముందు రెండు నిమిషాల్లో చెప్పేయండి. నడుస్తున్నప్పుడు ఆపి వివరిస్తే నవ్వు చచ్చిపోతుంది. అందని ముక్కను అయిపోయాక మళ్లీ వేసి చూపించండి.

కొన్నిటికి ముందు మాట అవసరం. విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పే తరగతి కథ "మైండ్ యువర్ లాంగ్వేజ్"లో ఇండియా, పాకిస్తాన్ విద్యార్థులను మూసపోసి చూపించారు. పెద్దలు హాయిగా నవ్వొచ్చు, పిల్లలతో మాత్రం అది అప్పటి చూపని చెప్పి చూడాలి. "ఫాల్టీ టవర్స్"లో "ద జర్మన్స్" ఎపిసోడ్‌లో క్రికెట్ ప్రస్తావనతో, హోటల్లో ఉండే ముసలి మేజర్ మనవాళ్ల గురించి అనే మాట గట్టిగానే తగులుతుంది. చిన్నపిల్లలుంటే దాన్ని తర్వాతకు ఉంచండి.

ఒక్కో సీజన్ చరిత్రలో ఒక్కో కాలంలో నడిచే "బ్లాక్ ఆడర్"ను అందరూ అలవాటు పడ్డాకే తీయాలి. 1983 నాటి మొదటి సీజన్‌తో కాకుండా 1986 నాటి రెండో దానితో మొదలుపెట్టండి, మాట పదునెక్కింది అక్కణ్ణుంచే. నాలుగోది మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో నడుస్తుంది. దాని ఆఖరి ఎపిసోడ్ 1989 నవంబరు 2న వచ్చింది. అరగంటా నవ్వించి, చివరి నిమిషంలో హాస్యాన్ని పూర్తిగా ఆపేస్తుంది. అది పెట్టే రోజు ఆటోప్లే ముందే కట్టేయండి, రిమోట్ దూరంగా పెట్టండి, ఆ ఎర్రపూల పొలం తెర మీద ఉన్నంతసేపూ ఎవరూ లైటు వేయకుండా చూడండి.