కారులో మ్యాప్, చేతిలో ఛార్జింగ్ – 3వ పాఠం: ఛార్జర్ మంచిదే, కేబులే దొంగ

ఈసారి కారులో ఫోను హోల్డర్ల గురించి, ఎండ గురించి చెప్పాల్సింది. దాన్ని కుదించేస్తున్నాను. రెండో పాఠం చదివి కారు 12 వోల్టుల సాకెట్‌కి (సిగరెట్ లైటర్ రంధ్రం) పీడీ ఛార్జర్ (పవర్ డెలివరీ, అంటే ఫోను అడిగిన వోల్టులు ఇచ్చే ఫాస్ట్ ఛార్జర్) కొన్నవాళ్లది ఒకటే గోల: "ఎస్.కోట దగ్గర బ్యాటరీ 70 శాతం ఉంది, అరకు చేరేసరికి 55. మెరుపు గుర్తు మాత్రం వెలుగుతూనే ఉంది."

మెరుపు గుర్తుని నమ్మకండి. కాస్త కరెంటు వస్తున్నా అది వెలుగుతుంది. స్క్రీన్, జీపీఎస్, డేటా కలిసి మూడు నుంచి ఐదు వాట్లు తాగుతాయి. స్టీరియో పక్కనుండే పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది చాలా కార్లలో అర ఆంపియరే, అంటే రెండున్నర వాట్లు. ఖర్చు నాలుగనుకుంటే లోటు ఒకటిన్నర. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్-అవర్లు కాబట్టి గంటకి 8 శాతం పోతుంది. అందుకేగా సాకెట్‌కి మారాం. మారినా అదే 8 శాతం ఎందుకు పోతోందంటే, కొత్త ఛార్జర్‌కి డ్యాష్‌బోర్డు అరలో పడున్న పాత కేబులే తగిలించారు కాబట్టి.

ఇలాంటి ఛార్జర్లలో చాలావాటికి రెండు పోర్టులుంటాయి. వెడల్పుగా, దీర్ఘచతురస్రంగా ఉండేది యూఎస్‌బీ-ఏ. చిన్నగా, అంచులు గుండ్రంగా ఉండేది యూఎస్‌బీ-సీ. పీడీ పనిచేసేది సీలోంచే. ఎన్ని వోల్టులు కావాలో ఫోను ఛార్జర్‌కి చెప్పుకోవడానికి సీ ప్లగ్‌లో వేరే పిన్ను ఉంది. యూఎస్‌బీ-ఏ ప్లగ్‌లో అది లేనే లేదు. కాబట్టి ఏ-నుంచి-సీ కేబుల్ ఎంత ఖరీదుదైనా పీడీ రాదు. రెండు చివర్లా సీ ఉండాలి. పాత ఐఫోన్లకి సీ-నుంచి-లైట్నింగ్. సొంత ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్న కంపెనీల ఫోన్ల లెక్క వేరు, వాటికి ఆ కంపెనీ కార్ ఛార్జరే కొనుక్కోండి.

ఇక తీగ మందం. కొన్ని కేబుళ్ల ఒంటి మీద సన్నటి అక్షరాల్లో '28ఏడబ్ల్యూజీ/1పి + 24ఏడబ్ల్యూజీ/2సి' లాంటిది అచ్చై ఉంటుంది. ఏడబ్ల్యూజీ అంటే తీగ మందం కొలత. మొదటిది డేటా తీగల జత, రెండోది కరెంటు తీగలు. చూడాల్సింది రెండోదాన్ని. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, ఇక్కడే చాలామంది తిరగేసి చదువుతారు. కరెంటు తీగ కూడా 28దైతే, రెండు మీటర్ల కేబుల్‌లో రానూపోనూ నాలుగు మీటర్లు, నిరోధం దాదాపు 0.85 ఓమ్. 5 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లు లాగితే 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. వోల్టేజీ పడిపోవడం చూసి ఫోను తనే కరెంటు తగ్గించుకుంటుంది. మీరేమో ఛార్జర్ పాడైందని విశాఖ జగదాంబ సెంటర్లో షాపువాడితో గొడవకి దిగుతారు. అదే 24 తీగ, మీటరు పొడవైతే పోయేది దాదాపు 0.34 వోల్టే. నేనైతే మీటరు దాటిన కేబుల్ కారులో పెట్టను. వెనక సీటుదాకా రావాలంటే వెనకవాళ్లు పవర్ బ్యాంక్ తెచ్చుకోవాలి.

మిగతావి గబగబా. హోల్డర్ అద్దం మీద వద్దు, ఏసీ వెంట్‌కి తగిలించండి. ఫోను వేడెక్కితే ఏ కేబులైనా ఛార్జింగ్ నెమ్మదిస్తుంది. డిసెంబరులో అరకు వెళ్తూ హీటర్ వేస్తే మాత్రం ఆ వెంట్ మూసేయండి. వైర్‌లెస్ ప్యాడ్ వేడి పెంచుతుంది, మానేయండి. ఘాట్‌లో సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఫోను బ్యాటరీ తినేస్తుంది. ఇంట్లోనే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది, ఫోన్‌కాల్స్, డేటా మాత్రం రావు. బీచ్ రోడ్డు పక్కన ఎప్పుడూ పార్క్ చేసే కార్లకి ఉప్పుగాలికి సాకెట్ తుప్పు పడుతుంది. తుడవండి గానీ స్క్రూడ్రైవర్ దూర్చకండి. అడుగున ఉన్న పిన్ను పాజిటివ్, పక్క గోడ నెగటివ్, రెండూ కలిస్తే ఫ్యూజు పోతుంది.

అభ్యాసం: కరెంటు కొలిచే యాప్ ఒకటి వేసుకోండి. అది చూపేది ఖర్చు పోగా బ్యాటరీలోకి చేరేది. మైనస్ వస్తే లోటు. ఆర్కే బీచ్ నుంచి భీమిలికి మ్యాప్ పెట్టి, స్క్రీన్ వెలుగు నిండుగా ఉంచి మూడుసార్లు వెళ్లండి: పాత కేబుల్‌తో, మీటరు సీ-సీతో, అదే సీ-సీ ఉండగా యూఎస్‌బీ-ఏ పోర్టులో ఇంకో ఫోను పెట్టి. ప్రతి ఐదు నిమిషాలకీ అంకె రాయాలి. రాసేది పక్కసీటువాళ్లు, డ్రైవరు కాదు. మూడుసార్లూ బ్యాటరీ 30, 60 శాతాల మధ్య ఉన్నప్పుడే మొదలుపెట్టండి. 80 దాటితే ఫోనే ఛార్జింగ్ తగ్గిస్తుంది, మీ లెక్కలన్నీ తప్పుతాయి. మూడోసారి అంకె సగానికి పడిందా, మీ ఛార్జర్ డబ్బా మీద రాసిన వాట్లు రెండు పోర్టులకీ కలిపి రాసినవన్నమాట. దాని సంగతి నాలుగో పాఠంలో.