ఎన్నికల కోడ్ (ఎన్నికలప్పటి ప్రవర్తనా నియమావళి) వచ్చే ముందే ఆఫీసు టీం నడిపేటోళ్లు చూస్కోవాల్సినవి

వరంగల్, హనుమకొండ దిక్కు మండల ఆఫీసుల్ల, మున్సిపాలిటీల్ల టీం నడిపేటోళ్ల కోసం రాస్తున్న. 2023 అక్టోబర్ 9న అసెంబ్లీ కోడ్ వచ్చింది, అది అయిపోయిందనుకునేలోపే 2024 మార్చి 16న లోక్‌సభ కోడ్, నడుమ ఊపిరి తీస్కునే టైమే దొరకలె.

– పాత తేదీ ఏసి ఏ ఫైల్ మీద సంతకం పెట్టొద్దు, మీ కిందోళ్లతోని పెట్టించొద్దు. ఫీల్డ్‌ల మొదలైన పనులు నడుస్తయి, శాంక్షనైనా మొదలుగానియి కోడ్ అయిపోయేదాంక ఆగుతయి, అందుకే ఇప్పుడే రెండు లిస్టులు ఫొటోలతో సహా చేసి పెట్టుకోర్రి, లేకుంటే పైనుంచి ఫోన్ చేసినోళ్లు బాగనే ఉంటరు, ఇరుక్కునేది సంతకం పెట్టిన ఉద్యోగే.

– స్టాఫ్ వాట్సాప్ గ్రూపుల పార్టీ ముచ్చట్లు బంద్. ఒక్క స్క్రీన్‌షాట్ బయటికి పోతే చాలు.

– ఎలక్షన్ డ్యూటీకి ఎవరు పోతరు, నల్లా నీళ్లు, చెత్త బండ్లు ఎవరు చూస్తరు, పేర్లు రాసి గోడకు అంటించుర్రి. కోడ్ ఉన్నా నల్లా రావాలె గదా.

– ఫారం 12 (పోస్టల్ బ్యాలెట్ కోసం), 12ఏ (డ్యూటీ పడ్డ బూత్‌లనే ఓటేసేటందుకు) ఎలక్షన్ ట్రైనింగ్ నాడే నింపించుర్రి, డ్యూటీల ఉన్నోళ్ల ఓటే పోతే చానా బాధ.

– బదిలీల పుకార్లు వస్తనే ఉంటయి. ఎన్నికల పనిల ఉన్నోళ్ల బదిలీలకు కోడ్ టైంల బ్యాన్ ఉంటది, ఈ ముచ్చట ముందే చెప్పుర్రి. రిజల్ట్ తర్వాత ఏమైతదో మీకు తెల్వకుంటే తెల్వదనే చెప్పుర్రి, వారానికోసారి పది నిమిషాలు అందరినీ కూసోబెట్టి మాట్లాడుర్రి, భయం సగం అక్కడ్నే తగ్గుతది.