శరణార్థి చట్టం నేర్చుకుందాం – 4వ పాఠం: పెన్సిల్‌తో ఉత్తర్వు చదవడం

కెనడాలో శరణార్థి అప్పీలు విభాగం కూడా క్లెయిమ్‌ను కొట్టేస్తే, ఇక ఫెడరల్ కోర్టుకే వెళ్లాలి. ఉత్తర్వు అందాక ఉన్న గడువు 15 రోజులు. అందిన తేదీని ముందు దాని మొదటి పేజీ మీదే రాసుకోండి. వెనక్కి పంపిస్తారన్న భయంలో ఉన్న మనిషికి ఆ 15 రోజుల టెన్షన్ మాటల్లో చెప్పలేనిది. తేదీ లెక్క మోసే పనైనా మనం తీసుకుందాం.

ముందుగా కేసు వినడానికి కోర్టు లీవ్, అంటే అనుమతి ఇవ్వాలి. అది చాలావరకు కాగితాల మీదే తేలిపోతుంది. ఇవ్వకపోతే దానిపై అప్పీలు లేదు. కాబట్టి మన రాతే మన వాదన.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ క్లయింటు కథంతా మళ్లీ మొదటినుంచి రాస్తారు. ఆ మనిషి శరణార్థా కాదా అన్నది జడ్జి తేల్చరు. తిరస్కరణకు చెప్పిన కారణాలు నిలబడతాయా లేదా అన్నదే చూస్తారు. 2019 నాటి కెనడా సుప్రీంకోర్టు వావిలోవ్ తీర్పు చెప్పిన సమంజసత్వ పరీక్ష ఇదే. మనం గెలిస్తే కేసు సాధారణంగా అప్పీలు విభాగంలోనే వేరే సభ్యుడి (నిర్ణయం చేసే అధికారి) దగ్గరికి మళ్లీ వెళ్తుంది.

ఇప్పుడు పెన్సిల్ తీయండి. అభ్యాసం కోసం నేను కల్పించిన పేరా ఇది:

“ఫారంలో ‘కొందరు కొట్టారు’ అని రాశారు. విచారణలో ‘ముగ్గురు’ అన్నారు. రెండూ పొసగవు కాబట్టి ఆయన్ని నమ్మలేం.”

‘పొసగవు’ కింద గీత గీయండి. ముగ్గురిని కొందరు అనమా? ప్రమాణం చేసి చెప్పిన మాటను, అనుమానించడానికి కారణం లేకపోతే, నిజమనే అనుకోవాలని 1979 నాటి మాల్డొనాడో తీర్పు చెప్పింది. ఇక్కడ చూపిన కారణం ఒట్టిది.

తర్వాత ఫైలు తిరగేయండి. దెబ్బలు తిన్న మర్నాడు డాక్టర్ రాసిన చీటీ ఉందనుకుందాం. ఉత్తర్వులో దాని ఊసే లేదు. “చీటీకి తక్కువ విలువ ఇచ్చారు” అని రాశారో, సాక్ష్యాన్ని మళ్లీ తూచడం మా పని కాదంటుంది కోర్టు. “ఇంత కీలకమైన చీటీని ప్రస్తావించనే లేదు” అని రాయండి. వదిలేసిన సాక్ష్యం ఎంత ముఖ్యమైనదైతే, ఉత్తర్వు రాసినవాళ్లు దాన్ని చూడలేదని కోర్టు అనుకునే అవకాశం అంత ఎక్కువ. 1998 నాటి సెపెడా-గుటియెరెజ్ తీర్పు సారం ఇదే. ఈ తేడా చేతికి పట్టుబడేదాకా నాలుగైదు ఉత్తర్వులు చదవండి. ఫెడరల్ కోర్టు తీర్పులు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

వచ్చే పాఠానికి: ఏదైనా ఒక తీర్పు తీసుకుని, జడ్జి తప్పుపట్టిన వాక్యం ఏదో వెతికి, అది ఎందుకు నిలబడలేదో మీ మాటల్లో రెండు వాక్యాలు రాసి తెచ్చుకోండి.