ఆకాశంలో వింతలు, నేల మీద వాదనలు – 4వ పాఠం: సైన్యం దాచిందంటే గ్రహాంతరవాసులేనా?

పోయిన పాఠంలో సాక్షి కళ్లతో చూసినదాన్ని, చూశాక మనసులో అనుకున్నదాన్ని విడదీయడం నేర్చుకున్నాం. ఈసారి సైన్యం వైపు వెళదాం. యూఎఫ్‌ఓల (ఆకాశంలో కనిపించే, ఏమిటో తేలని వస్తువుల) మీద ఎక్కడ వాదన మొదలైనా కాసేపటికి ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది: "ఏమీ లేకపోతే సైన్యం అబద్ధం ఎందుకు చెప్పింది?" అక్కడ చాలామంది తడబడతారు. కొందరు సైన్యాన్ని వెనకేసుకొస్తారు. కొందరు తామే గెలిచామనుకుంటారు.

సైన్యం ఏదో దాచింది అనేది ఒక వాదన. దాచింది గ్రహాంతరవాసులనే అనేది పూర్తిగా వేరే వాదన. మొదటిదానికి దొరికిన రుజువును రెండోదాని ఖాతాలో వేయకుండా ఉండటమే ఈ పాఠంలో మన సాధన. అందుకు 1947లో అమెరికాలోని రోస్వెల్ ఊరి దగ్గర వింత ముక్కలు దొరికిన కేసు తీసుకుందాం, ఎందుకంటే అక్కడ సైన్యం నిజంగానే ఉన్న సంగతి చెప్పలేదు.

నోట్‌బుక్ తీయండి. ప్రతి మాట పక్కన ఎవరన్నారు, ఏ సంవత్సరంలో అన్నారు అన్నది తప్పకుండా రాయండి. ఈ కేసులో సగం గందరగోళం ఆ రెండూ రాసుకోకపోవడం వల్ల వచ్చిందే.

1947 జూన్ 24న కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ అమెరికాలోని మౌంట్ రెయినియర్ అనే కొండ దగ్గర తొమ్మిది వింత వస్తువులు ఎగరడం చూశానన్నాడు. కొద్ది రోజుల్లోనే అమెరికా పత్రికల నిండా ఎగిరే పళ్లేల వార్తలే. ఆ వేడిలోనే న్యూ మెక్సికోలో పశువుల మేత భూములు చూసుకునే మాక్ బ్రేజెల్, తనకు దొరికిన ముక్కల సంగతి రోస్వెల్ షెరీఫ్‌కు చెప్పాడు. జులై 8న రోస్వెల్ సైనిక విమాన స్థావరం, ఎగిరే పళ్లెం తమకు దొరికిందని ప్రకటించింది. అదే రోజు టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో జనరల్ రోజర్ రేమీ అది వాతావరణ బెలూన్ అని తేల్చేశాడు.

మర్నాడు స్థానిక పత్రికలో బ్రేజెల్ చెప్పిన వివరాలు వచ్చాయి. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో విలువైన కాగితం అదే. రబ్బరు పీలికలు, తగరపు రేకు, గట్టి కాగితం, పుల్లలు. అన్నీ కలిపితే ఐదు పౌన్లు, అంటే రెండు కిలోల చిల్లర. కొంత టేపు, దాని మీద పూల బొమ్మలు. ఇంకో మాట కూడా అన్నాడు: అంతకుముందు రెండుసార్లు తనకు వాతావరణ బెలూన్లు దొరికాయని, ఇది వాటిలా లేదని. చాలామంది తమకు పనికొచ్చే సగమే చెబుతారు. మీరు రెండూ రాయండి.

1994లో వైమానిక దళం అసలు సంగతి ఇదీ అంటూ నివేదిక ఇచ్చింది. ప్రాజెక్ట్ మోగుల్ అనే రహస్య పథకం కింద న్యూయార్క్ యూనివర్సిటీ బృందం న్యూ మెక్సికోలోని అలమొగోర్డో నుంచి బెలూన్లు వదిలేది. సోవియట్ యూనియన్ అణుబాంబు పేలిస్తే, ఆ శబ్ద తరంగాలను పై వాతావరణంలో మైక్రోఫోన్లతో పట్టుకోవాలన్నది ఆలోచన. బెలూన్లను ఒక వరుసగా కట్టి వదిలేవారు, ఒక్కో వరుస వందల అడుగుల పొడవు. అందులో చాలా బెలూన్లు, రాడార్‌కు కనిపించడానికి పుల్లల మీద అతికించిన రేకు కాగితాలు. వాటికి పూల బొమ్మల టేపు వాడామని ఆ పథకంలో పనిచేసిన ఛార్లెస్ మూర్ చెప్పాడు. బ్రేజెల్ ముక్కలకు ఇది బాగా అతుకుతుంది. దొరికింది మామూలు వాతావరణ బెలూన్‌లా లేదన్న అతని మాటకు కూడా ఇందులో చోటుంది.

కాబట్టి "వాతావరణ బెలూన్" అన్న మాట వెనక దాచాల్సిన విషయం ఉంది. అది భూమ్మీద రహస్యమే. ఎదుటివారు సైన్యం దాచిందంటే వెంటనే ఒప్పేసుకోండి. ఒప్పుకుని, ఏం దాచిందని అడగండి. వాదన అక్కడే మొదలవుతుంది.

అలాగని సైన్యం వివరణను అలాగే మింగేయకండి, దాన్నీ అంతే గట్టిగా పరీక్షించాలి. ఆ ముక్కలు జూన్ 4న వదిలిన నాలుగో వరుసవని మోగుల్ వాదన. కానీ ఆ బృందానికే చెందిన ఆల్బర్ట్ క్రేరీ డైరీలో ఆ రోజు మబ్బుల వల్ల బెలూన్ ప్రయోగం జరగలేదని ఉంది. ఆ వెంటనే, మైక్రోఫోన్‌తో ఒక బెలూన్ల గుత్తిని పైకి పంపామనీ ఉంది. ఆ గుత్తి పూర్తి వరుసేనా, కాదా? ఈ వివరణలో అతి బలహీనమైన చోటు ఇదే. దీన్ని చూపించి ఎవరైనా ప్రశ్నిస్తే అది న్యాయమైన ప్రశ్న.

1997లో వచ్చిన రెండో నివేదిక ఇంకా బలహీనం. రోస్వెల్‌లో గ్రహాంతరవాసుల శవాలు చూశామని కొందరు చెప్పిన కథలకు 1950లలో పారాచూట్ పరీక్షల కోసం పైనుంచి పడేసిన మనిషి బొమ్మలే కారణమని అందులో రాశారు. 1947కూ ఆ బొమ్మలకూ మధ్య ఏళ్ల దూరం ఉంది. జ్ఞాపకాలు కలిసిపోయి ఉంటాయన్నది వాళ్ల జవాబు. నాకది సాగదీసినట్టే అనిపిస్తుంది. అయితే ఈ నివేదిక తేలిపోయినంత మాత్రాన శవాల కథ నిజమైపోదు. ఇలాంటి మాటలు ఏ సంవత్సరంలో బయటికొచ్చాయో మీ నోట్‌బుక్‌లో రాయండి. 1947లో ఆ ముక్కలు తెచ్చిన సైనిక అధికారి మేజర్ జెస్సీ మార్సెల్ అవి ఈ లోకానివి కావని బయట మాట్లాడటం మొదలైంది 1978లో, అంటే 31 ఏళ్ల తర్వాత. 1947 నాటి మాటను, 1978 నాటి మాటను ఒకే తక్కెడలో వేయకూడదు.

రహస్యం లేని చోట కథ ఎలా నడుస్తుందో మన దగ్గరే చూశాం. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో పొలాల్లో పెద్ద గుండ్రటి వస్తువు దిగితే జనం ఎగబడ్డారు. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి వదిలిందని తెలిశాక ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

ఇప్పుడు మీ వంతు. 1997 మార్చి 13 రాత్రి అరిజోనాలోని ఫీనిక్స్ మీద కనిపించిన లైట్ల కేసు తీసుకోండి. ఎనిమిది దాటాక V ఆకారంలో లైట్లు ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిపోయాయి. పది గంటల వేళ ఒక వరుస లైట్లు ఆకాశంలో నిలిచి, ఒక్కొక్కటే ఆరిపోయాయి. మేరీల్యాండ్ ఎయిర్ నేషనల్ గార్డ్ ఏ-10 విమానాలు శిక్షణలో ఫ్లేర్లు (వెలుగు కోసం పైనుంచి వదిలే మండే దీపాలు) వదిలాయని సైన్యం చెప్పింది. ఈ జవాబు ఏ గంటకు అతుకుతుంది, ఏ గంటకు అతకదు? ఫీనిక్స్ నుంచి చూస్తే లైట్లు ఆరిన చోటుకు ముందు ఎస్ట్రెల్లా కొండలున్నాయన్న సంగతి మీ జవాబును ఎలా మారుస్తుంది? పేజీ మించకుండా రాయండి.

వచ్చే పాఠంలో యుద్ధ విమానాల కెమెరా వీడియోలు. దూరం తెలియని వస్తువు వేగం ఎందుకు చెప్పలేమో లెక్క వేసి చూద్దాం.