పాత సంఘానికి కొత్త లోగో: పని మొదలుపెట్టే ముందు

డిజైనర్‌కు అడ్వాన్స్ ఇచ్చేముందే కార్యవర్గ తీర్మానం మినిట్స్‌లో రాయించండి. సర్వసభ్య సమావేశంలో గొడవ రంగుల మీద కాదు, "మమ్మల్ని అడిగారా?" అన్నదాని మీదే.

బైలాలో చిహ్నం వర్ణన ఉంటే ముందు సవరణ.

పాత గుర్తులో నాలుగు సింహాలుంటే తీసేయండి. 2005 నాటి రాజ్యచిహ్న చట్టం ప్రకారం అనుమతి లేని వాడకం నేరం.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతోనే. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) టైపు చేసిన పేరును యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లు, ఫోన్లు చదివే పద్ధతి) తెస్తే ఒత్తులు చెదరొచ్చు, అక్షరం అక్షరం సరిచూడండి. 20 మిల్లీమీటర్ల రబ్బరు స్టాంపులో ఒత్తుల సందుల్లో సిరా నిండి ముద్దవుతుంది. ఒకటి చేయించి, రసీదు కాగితంపై కొట్టి చూడండి. జిరాక్స్‌లో నలుపు తెలుపులోనూ గుర్తుపట్టాలి. ప్రెస్సుకిచ్చే ఫైల్లో అక్షరాలు అవుట్‌లైన్లుగా (ఫాంట్‌తో పనిలేని గీతల బొమ్మలుగా) ఉండాలి, లేదంటే వాళ్ల కంప్యూటర్లో ఫాంట్ మారిపోవచ్చు.

పాత రసీదు పుస్తకాలు అయిపోయాకే కొత్తవి.